పరిచయానికి ఒక్క నిమిషం

తాను వెళ్ళాల్సిన మీటింగుకి భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది ఆమె. కాలరు దగ్గర చిన్న ముడత మిగిలినా, "నలుగురిలో నన్ను ఇలాగేనా నిలబెట్టేది?" అంటాడు. ఆ నలుగురిని కలవాల్సింది తను కదా అని గుర్తు చేయాలనిపించి కూడా ఊరుకుంది. ఊరుకోవడంలో ఆమెకు పదకొండేళ్ళ అనుభవం. కర్టెన్లు కుట్టడంలోనూ అంతే.

వెనక గదిలో మిషను పెట్టుకుని ఇన్నాళ్ళూ చుట్టుపక్కల ఇళ్ళకే కుట్టింది. దారాల షాపు ఆవిడే చెవినిల్లు కట్టుకుని పోరింది. "ఇంకెన్నాళ్ళు ఈ వీధిలోనే? చిన్న వ్యాపారులందరం నెలకోసారి కలుస్తాం, రా. ఒక్కో వ్యాపారానికి ఒక్క నిమిషం. నువ్వెవరో, ఏం చేస్తావో చెప్పుకోవాలి. గంట కొడితే కూర్చోవాలి. ఈసారి లాడ్జి ఓనరు వస్తున్నాడు, నలభై గదులకి కర్టెన్లు మార్పిస్తాడట."

ఆ ఒక్క నిమిషం కోసం ఆమె వారం రోజులు తంటాలు పడింది. గిన్నెలు తోముతూ చెప్పుకుంది, బట్టలు ఆరేస్తూ చెప్పుకుంది. "ఎవరితోనే ఆ మాటలు?" అంది అత్తగారు. సంగతి విన్నాక, "ముక్కూ మొహం తెలియని మగాళ్ళ ముందు నేనింత, నేనంత అని చెప్పుకుంటావా? బాగానే ఉంది సంబడం!" అని మొహం తిప్పుకుంది. భర్త మాత్రం నవ్వాడు. "బ్యాంకులో ఫారం నింపమంటేనే నీకు చేతులు వణుకుతాయి. నేనూ వస్తాలే." అది సాయమనే అతను నిజంగా అనుకున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది అందుకే.

చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ. లాడ్జి ఓనరు ముందు వరుసలో డైరీ తెరిచి కూర్చున్నాడు. "తర్వాత, కర్టెన్లు" అన్నాడు అధ్యక్షుడు. ఆమె కొంగు సర్దుకుని లేచేలోపే భర్త లేచి నిలబడ్డాడు.

"మా ఆవిడకి నలుగురిలో మాట్లాడటం అలవాటు లేదండీ. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఏదో కుడుతూ ఉంటుంది. ఆడవాళ్ళకి కాలక్షేపం కావాలిగా!"

హాల్లో మర్యాదగా నవ్వారు. ఖాళీగానట! పొద్దున అయిదింటికి లేస్తే ఇంటిల్లిపాదికీ వండి, వడ్డించి, ఉతికి, అత్తగారికి మందులిచ్చి, ఆ తర్వాత మిషను ముందు కూర్చునే మనిషికి ఆ ఖాళీ ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే, తనూ వెళ్ళి కాసేపు నడుం వాల్చేది.

లాడ్జి ఓనరు అడిగాడు. "మా కిటికీలు ఆరడుగుల వెడల్పు. ఒక్కోదానికి బట్ట ఎంత వెడల్పు కావాలి?"

"ఆరడుగుల కిటికీకి ఆరడుగులేనండీ! మా దగ్గర వేస్టేజీ ఉండదు."

కుచ్చులు పడాలంటే వెడల్పుకి రెట్టింపు బట్ట కావాలి. ఆరడుగులే వేస్తే తీగ మీద ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. పదకొండేళ్ళుగా అదే ఇంట్లో, అదే బట్టల గుట్టల మధ్య నుంచి నడుస్తూ అతను ఒక్కసారైనా చూడలేదు. లాడ్జి ఓనరుకి విషయం తెలిసినట్టే ఉంది. "సరే, చూద్దాం లెండి" అని డైరీ మూసేశాడు.

గంట మోగింది. భర్త కూర్చుంటూ ఆమె వైపు వంగి, "ఎలా చెప్పాను?" అన్నాడు, మెచ్చుకోలు కోసం.

వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆమె దగ్గరే ఉండిపోయాయి. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. అసహ్యం వేసింది. అతని మీద కొంత, ఇన్నాళ్ళూ ఊరుకున్న తన మీద మరికొంత.

"తర్వాత, రంగుల షాపు" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె లేచింది. భర్త చెయ్యి పట్టి లాగాడు. "అయిపోయిందిగా, కూర్చో." ఆ చెయ్యి విడిపించుకుంది. గొంతు వణికింది. వణికితే వణకనీ అనుకుంది.

"కాస్త ఆగండి. ఈయన మా ఆయన. ఈయనకి కర్టెన్ల వ్యాపారం లేదు. అది నాది. నా నిమిషం ఇంకా మొదలుకాలేదు."