ఎర్రమూత ఏ వైపు?

మామయ్యగారి మాట ఇంట్లో ఎవరూ నమ్మరు. ఆయనకు పదేళ్లప్పుడు సరస్సు అడుగంటా ఎండిపోయిందట, అందులో బంతాట ఆడి గోల్ కూడా కొట్టారట. నలభై ఏళ్లు ఆ నీళ్లమీదే పడవ నడిపిన మనిషి చెబుతున్నా, అత్తయ్యగారు "మొదలెట్టారూ కోతలు!" అని కొట్టిపారేసేవారు.

కోడలి ఉద్యోగమే సరస్సు బురదలో పాతకాలం వెతకడం. ఆమె పడవలోంచి గొట్టం దించి మీటరు బురద పైకి లాగితే, సాయానికొచ్చిన మామయ్యగారు రెండు చివరలా మూతలు బిగించారు.

"అమ్మాయ్, నీ బురద కాదంటే ఇక ఆ ఊసే ఎత్తను," అన్నారు.

బురద ఏడాదికి అర సెంటీమీటరు పేరుకుంటుంది. ప్రయోగశాల పద్ధతిలో ఎర్రమూత పైవైపు, నల్లమూత అడుగువైపు. మామయ్యగారికిప్పుడు డెబ్బై. అరవై ఏళ్ల వెనక్కంటే ఎర్రమూత నుంచి ముప్ఫై సెంటీమీటర్లు. అక్కడ గొట్టానికి చిన్న రంధ్రం చేసి, చిటికెడు బురద తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. డయాటమ్‌లు, అంటే గాజు పెంకుల్లో బతికే నీటి నాచు, కిటకిటలాడుతున్నాయి. నీళ్లు నిండుగా ఉన్నట్టే!

ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు, చెప్పక తప్పలేదు. ఆయన "సరేలే" అని చెప్పులేసుకుని బయటికెళ్లిపోయారు. రెండు రోజులు ఇంట్లో సరస్సు మాటే లేదు. ఎప్పుడూ వెక్కిరించే అత్తయ్యగారికే ముందు దిగులు పట్టుకుంది.

మూడో రోజు కోడలు నల్లమూత విప్పింది. రెండొందల ఏళ్ల నాటి బురదలో నీలం నైలాన్ పోగు! ఆ కాలంలో నైలాన్ బట్టలు కట్టింది ఎవరమ్మా అనుకుని, పగలబడి నవ్వి, ఫోన్ అందుకుంది.

"మామయ్యగారూ, ఎర్రమూత ఏ వైపు పెట్టారు?"

"అడుక్కి. మా పడవ గెడకి ఎర్రరంగు అడుగునేగా వేసేది! ఏం, తప్పా?"

ఈసారి నల్లమూత నుంచి ముప్ఫై సెంటీమీటర్లు కొలిచింది. డయాటమ్ ఒక్కటీ లేదు. అంతా గడ్డి పుప్పొడే. సంతోషంతో ఆమెకు కళ్లు చెమర్చాయి.

"ఎండింది, మామయ్యగారూ," అంది ఇంట్లో అడుగుపెడుతూనే. "గడ్డి కూడా మొలిచింది."

ఆయన మంచం మీద చతికిలబడ్డారు. "నిజం చెప్పనా? ఈ రెండు రోజులూ నాకే అనుమానమొచ్చింది, కలగన్నానేమోనని."

అత్తయ్యగారు వచ్చి ఆయన పక్కనే కూర్చున్నారు. "సరే, సరస్సు ఎండింది, ఒప్పుకున్నా. గోల్ మాత్రం కోతలే."

"అమ్మాయ్, రేపే పడవ తీద్దాం," అన్నారు మామయ్యగారు. "గోల్ ఎక్కడ కొట్టానో చూపిస్తా, అక్కడ దించు గొట్టం. మూతలు మాత్రం నువ్వే పెట్టుకో."