శ్రుతి అడిగిన నంబరు

సాయంత్రం ఆరు దాటాక శ్రుతి వచ్చింది. నళిని హాల్లో కార్పెట్ మీద కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని ఉంది. శ్రుతి కూతురు, మూడేళ్ళ హంసిక, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని బొమ్మ చెవి నములుతోంది. మిగతా ఇద్దరు పిల్లలూ అప్పుడే వెళ్ళిపోయారు.

"తలుపు తీసే ఉందమ్మా, రా" అంది నళిని. లేచి వెళ్ళే ఓపిక లేదు.

శ్రుతి బూట్లు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. "ఆంటీ, ఒక చిన్న హెల్ప్. మేం ట్యాక్స్ ఫైల్ చేస్తున్నాం. పిల్లని చూసినందుకు ఇచ్చే డబ్బుకి ట్యాక్స్ కొంత తగ్గిస్తారు కదా, చైల్డ్ కేర్ క్రెడిట్ అని, ఈసారి అది క్లెయిమ్ చేద్దామని. మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి."

"నా నంబరెందుకమ్మా?"

"ఎవరికి పే చేశామో చూపించాలట."

నళిని హంసిక జుట్టు సర్దింది. "రేపు చెప్తాలే" అంది.

ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. భర్త నరసింహం ఒక మందుల కంపెనీలో పనిచేసి, ఆరేళ్ళ క్రితం పోయాడు. పిస్కాటవే ఊళ్ళో ఉన్న ఈ ఇంటి అప్పు తీరిపోయింది గాని ఇంటిపన్ను ఏటా పెరుగుతూనే ఉంది. అయిదేళ్ళ క్రితం పక్కవీధి వాళ్ళ పాపను నాలుగు నెలలు చూడమంటే సరేనంది. ఆ పాప బడికి వెళ్ళేలోపు ఇంకొకరు వచ్చారు. ఇప్పుడు ముగ్గురు. నెలాఖరున తల్లులు "ఆంటీ, ఇది ఉంచండి" అంటూ కవరు చేతిలో పెట్టేవారు. జీతమని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. అందుకే అది ఏ కాగితంలోకీ ఎక్కలేదు. వయసు మళ్ళినవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే ఇంటిపన్ను రాయితీకి ఏటా ఫారం నింపేటప్పుడు కూడా ఆదాయం దగ్గర పెన్షనూ, ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డబ్బూ మాత్రమే రాసి సంతకం పెట్టింది. ఇప్పుడు నంబరిస్తే ఆ కవర్ల సంగతి బయటపడుతుంది.

మర్నాడు పొద్దున పిల్లను దింపుతూ శ్రుతే తొందరగా అంది. "మీకు ఇబ్బందైతే నంబర్ సంగతి వదిలేయండి ఆంటీ. పర్లేదు." అని, మొహం చూడకుండా కారెక్కింది.

నళినికి మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ తాను వీళ్ళకు అమ్మమ్మ లాంటిదాన్ననుకుంది. లెక్క అడిగినందుకు కోపం రావాలి. కాని రాలేదు, నీరసం వచ్చింది.

మధ్యాహ్నం పప్పన్నం పెడుతుంటే హంసిక చెప్పింది. "డాడీ హోమ్‌లోనే ఉన్నాడు. ఎవ్రీ డే పైజామా."

నళిని పిల్ల నోట్లో ఇంకో ముద్ద పెట్టింది. ఆ సాయంత్రం శ్రుతిని కూర్చోబెట్టి అడిగింది.

"అనూప్ జాబ్ పోయింది ఆంటీ. జనవరిలోనే. ఇంటర్వ్యూలు అటెండ్ అవుతున్నాడు. మళ్ళీ జాబ్ వచ్చాక మీ దగ్గర ప్లేస్ ఉండదేమోనని హంసీని మానిపించలేదు."

"నాతో చెప్పొచ్చుగా?"

"ఎవరికీ చెప్పలేదు ఆంటీ. మా అమ్మకి కూడా."

శనివారం నళిని లైబ్రరీకి వెళ్ళింది. అక్కడ ట్యాక్స్ ఫారాలు ఉచితంగా నింపిపెట్టేవాళ్ళలో సంహిత అనే అమ్మాయి ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నళిని అయిదేళ్ళ సంగతీ దాచకుండా చెప్పింది. చెప్తున్నంతసేపూ చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"సో మీకు బిజినెస్ ఉంది, ఆంటీ."

"బిజినెస్ ఏమిటమ్మా, పిల్లల్ని చూసుకుంటున్నాను."

"మనీ తీసుకుంటారు కదా?"

"తీసుకుంటాను."

"దెన్ ఇట్స్ బిజినెస్. భయం వద్దు. పాత ఇయర్స్ కూడా ఫిక్స్ చేద్దాం. ఫుడ్, క్రేయాన్స్, బొమ్మలు, అవి ఎక్స్‌పెన్స్ కింద తీసేయొచ్చు. మీరు రాశారా ఎక్కడైనా?"

ఎక్కడా రాయలేదు. ఆ తర్వాత నాలుగు శనివారాలు నళిని పాత బ్యాంకు కాగితాలు, కిరాణా రసీదులు దొరికినన్ని మోసుకెళ్ళింది. రాయితీ ఫారంలో రాసింది తప్పని రాష్ట్రానికి ఉత్తరం కూడా సంహితే రాసిపెట్టింది. కొత్త ఆదాయం కలిపినా రాయితీ పోలేదు, ఆలస్యమవుతుందన్నారు. పాత పన్నును వాయిదాల్లో కట్టమన్నారు. వీటన్నిటికంటే ముందే, మొదటి శనివారం ఇంటికి వచ్చాకే ఆమె ఒక చీటీ మీద నంబరు రాసి, సోమవారం శ్రుతి చేతిలో పెట్టింది.

"వద్దన్నాను కదా ఆంటీ."

"నీకు రావలసింది నువ్వు తీసుకో. నా సంగతి నేను చూసుకుంటున్నాను."

మే నెల చివర్లో శ్రుతి కొంచెం ముందుగా వచ్చింది. ఈసారి బూట్లు విప్పి లోపలికొచ్చి కూర్చుంది.

"రీఫండ్ వచ్చింది ఆంటీ. థాంక్స్. కానీ..." అని ఆగింది. "అనూప్‌కి ఇంకా ఏమీ రాలేదు. జూన్ నుంచి హంసీని తనే చూసుకుంటానంటున్నాడు. మీరు మా కోసం అంత చేశాక ఇలా చెప్పడం..."

నళిని లెక్క వేసుకుంది. ఒక కవరు తగ్గుతుంది. వాయిదాలు ఉంటాయి. అయినా ముందు తట్టింది అది కాదు. రోజూ ఎత్తుకుని మెట్లెక్కే బరువు ఒకటి తగ్గుతుందనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే సిగ్గేసింది.

"మధ్యాహ్నం కథ చెప్పకపోతే అన్నానికి నోరు తెరవదు. ఏ కథైనా సరే, అందులో కుక్క ఉండాలి. అనూప్‌తో చెప్పు" అంది.

శ్రుతి తలూపింది. కళ్ళు తుడుచుకోవడానికి పిల్ల జాకెట్ వెతుకుతున్నట్టు అటు తిరిగింది.

జూన్ మొదటి సోమవారం ఇద్దరు పిల్లలే వచ్చారు. భోజనాలయ్యాక ఇద్దరూ త్వరగానే నిద్రపోయారు. గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. నళిని వాటివైపు ఒకసారి చూసి, పిల్లల పక్కనే కార్పెట్ మీద నడుం వాల్చింది. ఆ ఇద్దరిలో పెద్దవాడు శ్రేయాస్ లేచి చెయ్యి పట్టి లాగేదాకా ఆమెకు మెలకువ రాలేదు.