చప్పిడి కూడు

నరసింగరావు కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఉప్పు తగ్గించకపోతే డయాలసిస్ తప్పదు అని విజయనగరంలో డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి ఆయన భార్య ధనలక్ష్మి మొట్టమొదట చేసిన పని ఉప్పు తగ్గించడం కాదు, ఆ సంగతి వీధంతా చెప్పడం.

ఆవిడ తప్పేం లేదు. నెల్లిమర్లలో ఎవరూ రహస్యంగా పథ్యం చెయ్యరు. చేసినా చేసినట్టుండదు.

"మాయింట్లో ఉప్పు మానేసినాం వదినా," అంది ఆడపడుచు మరిడమ్మతో.

మరిడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళ నాన్నకి ఆఖర్న పెట్టింది చప్పిడి కూడే. ఆవిడ లెక్కలో ఉప్పులేని అన్నం రోగం తగ్గడానికి తినేది కాదు, ఇక తగ్గదని తేలాక తినేది.

"అంతవరకూ వచ్చీసినాదేటే?"

"రాలేదొదినా. రాకూడదనే ఇదంతా."

"ఊరుకోయే, నాకాడ దాస్తావేటి!"

ఆ మధ్యాహ్నమే వంకాయ, ఎండు నెత్తళ్ళ చేపల కూర పట్టుకొచ్చింది. "ఆడికి సిన్నప్పట్నించీ ఇదంటే పేణం. పోయేవోడి నోరు కట్టీకూడదు," అని కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు ధనలక్ష్మి తమ్ముడు లక్ష్ముడు జాడీతో దిగాడు. "బావా, కొత్తావకాయ. ఇది తినీసి ఎల్లు." ఎక్కడికో చెప్పలేదు. నరసింగరావు అడగనూ లేదు. కలుపుకున్నాడు.

"ఒరే, అందులో సగం ఉప్పేరా!" అని ధనలక్ష్మి అరిచింది.

"ఆవకాయలోది ఉప్పేటే? అది ఆవకాయ," అన్నాడు నరసింగరావు. జూట్ మిల్లులో టైమ్‌కీపరుగా చేసిన మనిషి, ఏదైనా తేల్చి చెప్పడం అలవాటు.

ఇక క్యారేజీలు ఆగలేదు. తెచ్చినవాళ్ళు ఆయన తినేదాకా కూర్చుని, ఇంకా తినగలుగుతున్నందుకు సంతోషించి, ధనలక్ష్మిని పక్కకి పిలిచి ధైర్యం చెప్పి వెళ్ళేవారు. వద్దనడం ఆయనకి మర్యాదగా తోచలేదు. ఉద్యోగంలో ఉండగా ఇంతమంది ఎప్పుడూ పలకరించలేదు మరి.

ధనలక్ష్మి వీధి తలుపుకి గొళ్ళెం పెట్టింది. పెరటి గోడ మీదుగా అందించారు. "ఆయనకేటీ అవలేదు, బాగానే ఉన్నారు," అని ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. పాపం, దిగులుతో మతి చలించిందనుకుని ఆవిడక్కూడా అప్పడాలు ఇచ్చి పంపారు.

చప్పటి పప్పు మాత్రం రోజూ వండింది. ఎవరూ ముట్టకపోయేసరికి రోజూ తనే తింది.

మళ్ళీ రక్తపరీక్షలు చేయించాక డాక్టరు రిపోర్టు చూసి కళ్ళజోడు తీశాడు.

"ఉప్పు అస్సలు తగ్గించలేదా అమ్మా?"

"మాయింట్లో ఉప్పే లేదు బాబూ."

అది నిజమే. డాక్టరు ఎందుకో ఆవిడ బీపీ కూడా చూసి, ఇలాగే ఉంచుకోమని మెచ్చుకున్నాడు. ఆయనకి డయాలసిస్ రాశాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో క్యారేజీతో మరిడమ్మ. కబురు వినగానే కూలబడింది.

"నాను ఆయేలే అన్లేదేటే, అంతవరకూ వచ్చీసినాదని?"

ధనలక్ష్మి ఈసారి గొళ్ళెం పెట్టలేదు, అరవలేదు. కంచం కడిగి తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

నరసింగరావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించాడు.

"అక్కా, ఈయాల ఉప్పు తగ్గినట్టున్నాదే."

ధనలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా మూత తీసింది. ఖాళీ. చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి బయలుదేరింది.