వక్క దొర్లిన మూల

మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్ద బజారులో అంగళ్ళు తలుపులు మూసుకుంటాయి. నాలుగింటిదాకా పుదుచ్చేరి ఊరంతా కునుకు తీస్తుంది. ఆ మూడు గంటలూ జయమ్మాళ్‌వి. హాల్లో దూలానికి వేలాడే ఉయ్యాల బల్ల మీద, తమలపాకుల పళ్ళెం పక్కన పెట్టుకుని, సగం నిద్రలో సగం మెలకువలో ఊగుతూ ఉంటుంది.

1979 ఆగస్టు చివర, తమిళుల ఆవణి నెలలో అలాంటి ఒక మధ్యాహ్నం పళ్ళెంలోంచి ఒక వక్క జారింది. బల్ల మీద పడమటి గోడవైపు దొర్లి, అంచు దాటి కిందపడి, మూలనున్న పుట్ట దగ్గర ఆగింది.

జయమ్మాళ్ కళ్ళు తెరిచింది. నిన్నా అటే పోయింది. మొన్నా అటే.

నేల పగిలి ఆ పుట్ట లేచి పన్నెండేళ్ళయింది. అదే ఏడాది కొడుకు సుబ్బరాయన్ జవుళి అంగడి నిలదొక్కుకుంది. అమ్మవారే ఇల్లు వెతుక్కుని వచ్చిందని జయమ్మాళ్ నమ్మింది. ఆ మూలకు చీపురు పోనివ్వలేదు. శుక్రవారం శుక్రవారం పాలు, పసుపు నీళ్ళు పోసింది. పుట్టలోంచి సన్నటి మట్టిచార ఒకటి గోడ ఎక్కి దూలందాకా పాకితే, అది అమ్మ జడ అంది. అందినంతమేరా బొట్లు పెట్టింది.

ఇప్పుడు వక్క రోజూ అటే పోతోందంటే అమ్మ తాంబూలం అడుగుతున్నట్టే. దిగి, రెండాకులూ ఒక వక్కా పుట్ట ముందు పెట్టింది. మళ్ళీ పడుకుంటే పైకప్పు నుంచి తెల్లటి పొడి రాలింది. కిటికీలోంచి పడే ఎండలో అది విభూతిలా మెరుస్తూ దిగి ఆమె చెంప మీద వాలింది. హాయిగా ఉంది.

సుబ్బరాయన్‌కు మాత్రం ఆ పొడి నచ్చలేదు. వచ్చే శుక్రవారం భార్య వసంతకుమారి పుట్టింటి నుంచి నెలల పాపతో వస్తోంది. పాపను తొట్టిలో వెయ్యాలి. ఆ తొట్టి కట్టేది ఈ దూలానికే. సుబ్బరాయన్‌కూ, వాళ్ళ నాన్నకూ ఇక్కడే కట్టారు.

అతడు మూలకుళం నుంచి పాప్పాత్తిని పిలుచుకొచ్చాడు. మిద్దెల మీద సున్నపుగచ్చు కొట్టడం ఆమెకు నలభై ఏళ్ళ పని. ఆ వీధి తెలుగువాళ్ళ ఇళ్ళలో మసలి మసలి వాళ్ళ భాష కూడా పట్టుకుంది. ఆమె పైకి చూడనే లేదు. నేల మీద చతికిలబడి, ఒక కన్ను మూసి, ఉయ్యాలను చూసింది.

"బల్ల ఎప్పట్నించి వంకరగా ఉండాదమ్మా?"

జయమ్మాళ్ వంగి బల్లను చూసింది. పాప్పాత్తి బెత్తెలతో కొలిచి చూపింది. గోడవైపు నాలుగు వేళ్ళు కిందికి ఉంది. గొలుసులు సాగలేదు. దూలమే ఆ కొసన దిగింది.

తరువాత నిచ్చెన ఎక్కి గచ్చు కొట్టే చెక్కతో దూలం నడుమ తట్టింది. ఖంగుమంది. గోడ దగ్గర తట్టింది. తడిసిన చాప మీద కొట్టినట్టు వినిపించింది. చెయ్యి మట్టిచార వైపు పోవడం చూసి జయమ్మాళ్ లేచి నిలబడింది.

"అది అమ్మ జడ. ముట్టొద్దు."

"ముట్టన్లే. నీ కొప్పులో సూది ఇయ్యి, చాలు."

జానెడు వెండి సూది. పాప్పాత్తి దూలం కొసన ఆనించి బొటనవేలితో నొక్కింది. పండిన అరటిపండులోకి దిగినట్టు సూది తలదాకా దిగిపోయింది.

"పన్నెండేళ్ళుగా పాలు పోస్తా ఉండావు," అంది పాప్పాత్తి నెమ్మదిగా. "ఆ తడికి చెదలు పైకెక్కినాయి. అవి తిన్నది పాలు కాదమ్మా, నీ దూలం."

దూలం మార్చాలి, అది మోసే మేర కప్పు విప్పాలి, పుట్ట తవ్వాలి. అతుకులతో ఆగదు, రెండు నెలల్లో వచ్చే అయిప్పసి వానలకు మిద్దె కూచుంటుందని చెప్పింది పాప్పాత్తి. పుట్ట మీద గడ్డపార పడితే తాను ఇంట్లో ఉండనని చెప్పింది జయమ్మాళ్. నువ్వు రోజూ కూర్చునేది ఆ దూలం కిందేనని కొడుకు మొత్తుకున్నా వినలేదు.

మరునాటి మధ్యాహ్నం ఆమె ఊగుతూ ఊగుతూ కలలోకి జారింది. దూలానికి తొట్టి వేలాడుతోంది. లోపల పాప. పైనుంచి మల్లెరేకులు ఒకటొకటిగా రాలుతున్నాయి. మూలలోంచి పసుపు పావడా కట్టిన పిల్ల ఒకతె లేచింది. జడ నిండా మట్టి. ఒక చేతిలో వక్క. రెండో చెయ్యి పైకెత్తి దూలాన్ని పట్టుకుని ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది.

"నొప్పి పుడతా ఉండాదే," అంది ఆ పిల్ల. "ఎన్నాళ్ళు మొయ్యాల?"

జయమ్మాళ్ మేలుకుంది. రెప్పల మీద సున్నం. వక్క మూలన ఉంది. ఇన్నాళ్ళూ అమ్మ వక్కను అటు రప్పించుకున్నది తాంబూలం కోసం కాదు, దూలం దిగుతోందని చెప్పడానికి. మెల్లగా ఉయ్యాల దిగి, కొడుకును తట్టి లేపింది.

"పాప్పాత్తి యాడుందో చూసి పిలుచుకుని రా నాయనా. ముందు నన్ను ఒక పిడికెడు మట్టి తీసుకోనియ్యి."

పసుపు అంటిన ఆ పిడికెడు మట్టిని ఇత్తడి చెంబులో వేసుకుని, రిక్షాలో కదిర్కామం అవతలి పొలాలకు వెళ్ళింది. అక్కడ చెట్టుకింది పెద్ద పుట్ట మీద మట్టిని ఉంచి చెంపలు వేసుకుంది.

శుక్రవారం తొట్టిని వీధి వరండాలో కట్టారు. అక్కడి దూలాన్ని జయమ్మాళ్ పాప్పాత్తి చేత మూడుసార్లు తట్టించింది. మూడుసార్లూ ఖంగుమన్నాకే పాపను పడుకోబెట్టనిచ్చింది. హాల్లో కప్పు విప్పిన చోట చతురస్రంగా ఆకాశం కనిపిస్తోంది.

మరుసటి నెల, పురట్టాసిలో కొత్త దూలం ఎక్కింది. మిద్దె మీద పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతూ గచ్చు కొట్టారు. ఠప్, ఠప్, ఠప్. ఆ దెబ్బల లయకు వరండాలో పాప నిద్రపోయింది. తీపీ వగరూ కలిసిన వాసన ఇల్లంతా నిండింది. హాల్లో నేల మీద చాప వేసుకున్న జయమ్మాళ్‌కు కూడా రెప్పలు బరువెక్కాయి.

"ఇంక చెయ్యి దించుకో తల్లీ," అని ఖాళీ మూలతో చెప్పి, అటు తిరిగి పడుకుంది.