మార్ బర్లాహా దిగిన రోజు

ముప్పై ఒక్కేళ్ళు నేను ఆ నిచ్చెన ఎక్కి దిగాను. పైన ఉన్నాయనకి పేరొచ్చింది, ఎక్కి దిగినవాడికి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. ఎవరి మీదా నేరం మోపడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

మా కఫర్ షమ్లా కొండ మీద ఇరవై నాలుగు మూరల రాతి స్తంభం ఉంది. దాని మీద మార్ బర్లాహా, అంటే మా మాటలో బర్లాహా స్వామి, నిలబడి ఉండేవాడు. పైన రెండు మూరల చోటు, చుట్టూ నడుమెత్తు కటకటాలు. నిలబడొచ్చు, ఆనుకోవచ్చు, మోకరించొచ్చు. పడుకోవడం మాత్రం కుదరదు. బతికినంతకాలం దేవుడి ముందు నిలబడే ఉంటానని మొక్కుకున్నవాడు కనుక, ఆ కొలత ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. అప్పటికి ముప్పై అయిదేళ్ళ ఉడుకు రక్తం. దానికేం తెలుస్తుంది?

నా పని పొద్దున్నే నీళ్ళూ, నానబెట్టిన పప్పూ పైకి మొయ్యడం, కుండ కిందికి మొయ్యడం. ఆ కుండలో ఏముంటుందని అంతియొకయ పట్నం నుంచి వచ్చే యాత్రికులు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పుణ్యాత్ములకి పొట్ట ఉండదనుకుంటారు కాబోలు.

ఈ చలికాలంలో ఆయన ఎడమ పాదం మీద పుండు లేచింది. నెల తిరిగేసరికి మోకాలి దాకా పాకింది. నేను కట్టు విప్పుతుంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. ఒకరోజు కట్టు కడుతుండగా ఆయన మెల్లగా అన్నాడు.

"ఒరేయ్ అబ్దా, పడుకోవాలనుందిరా."

నేను కట్టు బిగిస్తూనే ఉన్నాను.

"కాళ్ళు చాపుకుని, వీపు నేలకి ఆనించి, ఒక్కసారి. ఆ తర్వాత ప్రాణం పోయినా ఫర్వాలేదు."

నాకు ఒళ్ళు మండింది. "ఈ ముక్క ముప్పై ఏళ్ళ కిందట తోచలేదా అయ్యా? నా మోకాళ్ళైనా మిగిలేవి."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

"పదండి, వీపు మీద వేసుకుని దింపేస్తాను," అన్నాను.

"కాదురా. దేవుడికిచ్చిన మాట నేను తెంచకూడదు. మఠం పెద్దలు దింపితే దిగాలి. అది వేరు."

అక్కడే ఉంది చిక్కంతా. స్తంభం మీద ఎవరు నిలబడినా, దేవుడి కోసం నిలబడ్డాడా, గర్వంతో నిలబడ్డాడా అని పెద్దలు వచ్చి పరీక్షించడం మా కొండల్లో ఆనవాయితీ. కింద నిలబడి "దిగు" అని ఆజ్ఞ ఇస్తారు. అతను మారుమాటాడకుండా నిచ్చెన మీద కాలు పెడితే, మాట వినేవాడే, వీడి తపస్సు దేవుడిదే అని, "చాలు, అక్కడే ఉండు" అంటారు. దిగనన్నాడో, అది గర్వం. బలవంతంగా లాగి పడేస్తారు. అంటే దిగుతానన్నవాణ్ణి ఉంచుతారు, దిగనన్నవాణ్ణి దించుతారు. మా అయ్యకి మూడో ఏట ఆ పరీక్ష జరిగింది. మాట పూర్తి కాకముందే కాలు నిచ్చెన మీద ఉంది. పెద్దలు కళ్ళు తుడుచుకుని కీర్తనలు పాడుకుంటూ వెళ్ళిపోయారు.

కుండ పట్టుకుని నిచ్చెన మధ్యలో ఆగి ఆలోచించాను. మళ్ళీ పైకెక్కాను.

"అయ్యా, ఒకటే దారి. పెద్దల్ని నేను పిలుచుకొస్తాను. దిగమన్నప్పుడు దిగనని చెప్పండి."

ఆయన కటకటాలకి ఆనుకున్నాడు. "నేను గర్విష్ఠినని అందరి ముందూ ఒప్పుకోమంటావు."

"అవును. మీ పేరు మట్టిలో కలుస్తుంది. మీ కోసం ఒక్క దీపం కూడా వెలగదు."

"పేరేం చేసుకోనురా, ఈ పుండుకి కట్టు కట్టుకోనా?" అన్నాడు. మళ్ళీ తనే, "అబద్ధం కదూ అది?" అన్నాడు.

"ఆ పాపం నా మీద పడెయ్యండి. మీవి చాలానే కిందికి మోశాను."

ఈసారి ఆయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. చెప్పావంటే మళ్ళీ పుణ్యాత్ముణ్ణి చేసేస్తారు. బతికుంటే పైకెక్కిస్తారు, చస్తే పూజకని వేలూ గోరూ పంచుకుంటారు."

అందులో అతిశయోక్తేం లేదు. పక్క కొండ మీద తపస్వి పోయినప్పుడు శవం మాకంటే మాకని మూడు ఊళ్ళవాళ్ళు కర్రలు పట్టుకుని కొట్టుకున్నారు. చివరికి ఆయన ఒక ఊళ్ళో ఉన్నాడు, ఆయన చెయ్యి ఇంకో ఊళ్ళో ఉంది.

రెండు రోజులు నడిచి మఠానికి వెళ్ళాను. మా బర్లాహాకి గర్వం తలకెక్కిందని ఊరు చెప్పుకుంటోందని కల్పించి చెప్పాను. మేం అబ్బా, అంటే తండ్రి, అని పిలిచే పెద్దాయన జెనోబ్‌కి ఎనభై దాటాయి. "మళ్ళీ ఆ కొండెక్కాలా? నా నడుం నా మాట వినడం మానేసి పదేళ్ళయిందిరా," అని విసుక్కున్నాడు. అయినా గాడిద కట్టించుకుని బయల్దేరాడు, ఇంకో ఇద్దరు పెద్దలతో.

వాళ్ళు వచ్చేసరికి కొండంతా జనం. షమూనీ గంప దించుకుని అందరికంటే ముందు కూర్చుంది. స్తంభం చుట్టూ ఉన్న మట్టితో బిళ్ళలు చేసి యాత్రికులకి అమ్ముతుంది ఆవిడ. నోరు పెద్దది. కానీ ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే స్తంభానికి నుదురు ఆనించకుండా పొయ్యి ముట్టించలేదు.

"ఏం పరీక్షలో ఏమో! మా అయ్య అడుగు బయటపెడతాడు, ఈ ముసలాళ్ళు ఏడుస్తారు, సాయంత్రానికి నా గంప ఖాళీ," అంది నాతో.

"నోరు మూసుకోవే తల్లీ," అన్నాను.

అబ్బా జెనోబ్ కర్ర ఊతంతో నిలబడి అరిచాడు. "బర్లాహా! పెద్దలందరి మాటగా చెబుతున్నాను. దిగు!"

అయ్య కుడికాలు కటకటాలు దాటి నిచ్చెన వైపు వచ్చింది. పెద్దల మాటకి తలొగ్గడం ముప్పై ఏళ్ళ అలవాటు, కాలు మనసుని అడగలేదు. కింద నిచ్చెన పట్టుకుని ఉన్నది నేను. జెనోబ్ అప్పుడే చాలనడానికి చెయ్యెత్తుతున్నాడు. నేను నిచ్చెనని గట్టిగా కుదిపాను. ఆ కాలు గాల్లో ఆగి, వెనక్కి వెళ్ళింది.

"దిగను."

"ఏమన్నాడు?" అన్నాడు జెనోబ్. ఆయనకి చెవుడు. చుట్టూ అంతమంది ఉండి ఆ మాట తిరిగి చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"దిగనంటున్నాడయ్యా."

పైనుంచి ఈసారి కేక వినిపించింది. "నన్ను దిగమనడానికి మీరెవరు? నేను దిగను!" ఆ గొంతు మధ్యలో పగిలింది. జనం అది కోపమనుకున్నారు. ఆయన ఏడుస్తున్నాడని నాకొక్కడికే తెలుసు.

షమూనీ లేచి నిలబడింది. "అయ్యా! ఒక్క అడుగయ్యా, ఒక్క అడుగు పెట్టండి చాలు! మా పిల్లాణ్ణి బతికించింది మీరు కాదా? ఇప్పుడేమిటయ్యా ఇది?" ఆయన ఆవిడ వైపు చూడలేదు.

జెనోబ్ తల వంచుకుని, "దించండి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. నేనే ఎక్కాను. నా వీపుకి కట్టుకుంటే నీళ్ళకుండంత బరువు కూడా లేడు. సగం దిగామో లేదో ఒక మట్టిబిళ్ళ వచ్చి ఆయన భుజానికి తగిలింది. తర్వాత గంపలోవన్నీ వచ్చాయి. ఒకటి నా చెవి మీద పడింది. "దొంగ సన్యాసీ!" అని షమూనీ గుండెలు బాదుకుంటూ అరుస్తోంది. మిగతావాళ్ళు ఉమ్మేసి కొండ దిగిపోయారు. నిన్నటిదాకా వాళ్ళ దేవుడు ఈయన.

నేల మీద పడుకోబెట్టాను. కాళ్ళు చాపలేకపోయాడు, ముడుచుకుపోయి ఉన్నాయి. మోకాళ్ళ మీద చెయ్యి వేసి మెల్లగా, చాలా మెల్లగా నొక్కుతూ వచ్చాను. వీపంతా నేలకి ఆనగానే "అమ్మా" అన్నాడు. కాసేపటికి గురక మొదలైంది. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన గురక నేనెప్పుడూ వినలేదు.

అందరూ పోయాక జెనోబ్ వచ్చి పక్కన కూలబడ్డాడు. చాలాసేపు ఆ గురక వింటూ కూర్చున్నాడు.

"అబ్దా, నువ్వు రోజూ దగ్గరుండి చూసినవాడివి. నిజం చెప్పు. అది గర్వమేనా?"

కాదను, కాదను అని ఆ ముసలి కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. ఒక్క మాట చెబితే ఊరంతా దీపాలతో పరిగెత్తుకొస్తుంది. షమూనీకి ఆవిడ అయ్య ఆవిడకి దక్కుతాడు.

"గర్వమే అయ్యా," అన్నాను. "మొదట్నుంచీ ఉన్నదే."

ఆయన తలూపి, గాడిద దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

మా అయ్య నాలుగో రోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. పోట్లాడుకోవడానికి ఎవరూ రాలేదు, మొయ్యడానికీ రాలేదు. గొయ్యి నేనొక్కణ్ణే తవ్వాను, కాస్త పొడుగ్గానే తవ్వాను. గుర్తుకి రాయి కూడా పెట్టలేదు. కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాడు. చేతులూ, వేళ్ళూ, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి.