స్పార్క్ లివరు మీద చెయ్యి

కారు పరీక్షలో ఓడితే నేను ఇంటికి వెళ్తాను. నెగ్గితే ఇంకో మూడేళ్లు ఇక్కడే. ఇంత తలకిందుల పరీక్ష ఏ ఇంజనీరుకూ రాకూడదు.

నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్‌కు పాత కార్ల పిచ్చి. కువైట్‌లోని షర్క్‌లో ఆయన ఆఫీసు వెనకున్న షెడ్డులో పద్నాలుగేళ్లుగా వాటికి ప్రాణం పోయడమే నా పని. అరవై రెండేళ్లొచ్చాయి, మోకాళ్లు అరిగిపోయాయి. మూడుసార్లు రాజీనామా ఇస్తే మూడుసార్లూ చాయ్ ఇప్పించి పంపాడు. ఈసారి మాత్రం ఒక మాటన్నాడు: "ఈ కారు నీ చేతిలో బాగుపడకపోతే ఇక అన్నీ జర్మనీ వాళ్లకే అప్పజెప్తా, నువ్వు వెళ్లొచ్చు. బాగుపడితే, ఇంకో రెండు కొన్నాను, మూడేళ్ల పని, అవీ నువ్వే చెయ్యాలి."

తొంభై ఏడేళ్ల కారు. అప్పట్లో దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టిన పరీక్షే మేమూ పెడతాం. మనిషి నడిచే వేగంలో టాప్ గేర్ వేసి, మళ్లీ గేరు ముట్టకుండా గంటకు అరవై మైళ్ల వేగానికి తీసుకెళ్లాలి. పక్కన కఫీల్ నిండు చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. ఆయన పొడుగాటి తెల్ల అంగీ, దిష్‌దాషా మీద చుక్క పడకూడదు.

"ఒక్క పని చేయండి సార్," అన్నాడు పొద్దున్నే జిలానీ బాషా. రాయచోటి మనిషి, నా దగ్గర మెకానిక్. "స్టీరింగ్ కాడ స్పార్క్ లివరు ముందుకు నూకి ఇడిసిపెట్టండి. ఇంజను కొట్టుకుంటాది, చాయ్ ఒలుకుతాది. ఖలాస్, ఇంటికి పోతారు."

ఇంజనులో నిప్పురవ్వ ఎంత ముందుగా పడాలో చూసే లివరది; వేగానికి తగ్గట్టు కొద్దికొద్దిగా జరపాలి, ఒకేసారి నూకకూడదు. సముద్రం పక్క రోడ్డెక్కగానే అలాగే నూకాను. ఇంజను టకటకా కొట్టుకుంది. చాయ్ గ్లాసు అంచుకొచ్చింది. కఫీల్ మొహం ముడిచాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు. కానీ ఆ చప్పుడు నా పళ్లలో పుట్టినట్టనిపించింది. ఎప్పుడు వెనక్కి లాగానో నాకే తెలియదు. చూస్తే లివరు ఉండాల్సిన చోటే ఉంది, దాని మీద నా చెయ్యి ఉంది. వేగం పెరిగేకొద్దీ ఆ చెయ్యే దాన్ని వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరుపుతూ పోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటే ఇదే కాబోలు.

అరవై మైళ్లు. చుక్క ఒలకలేదు. కఫీల్ చాయ్ తాగేసి నా భుజం తట్టాడు. నాకు ఏడుపొచ్చింది. నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"మీకు చెడగొట్టేది చేతగాదు సార్," అన్నాడు జిలానీ, షెడ్డుకు తిరిగొచ్చిన నా మొహం చూసి.

మధ్యాహ్నం కాకినాడలో ఉన్న మా ఆవిడ కనకవల్లికి ఫోన్ చేశాను.

"ఏమైందండీ?"

"నెగ్గింది."



"నాకు తెలుసండీ," అంది. "అందుకే మీరొచ్చేస్తున్నారని ఎవరికీ చెప్పలేదు."