రంగు కడిగిన మొహం

తాండూరు బస్టాండ్ వెనక సందులో జహీరాబీ పటాల దుకాణం తెరవగానే, వచ్చినవాళ్ళు ముందు అడిగే మాట ఒకటే: "ఇయ్యాల ఏం వేషం?"

ఆమె గోడవైపు చూపిస్తుంది. అక్కడ నాటకాలాడే జపాన్ ఆటగాడి పటం. రాత్రికి రాత్రి దానంతటదే వేషం మార్చుకుంటుంది. నిన్న కత్తి దూసిన వీరుడైతే ఇవాళ గొడుగు పట్టిన దొరసాని. బాగుందనో బాగలేదనో అని, దేవుడి పటానికి అద్దం వేయించుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు.

నాపరాళ్ళు కొనడానికి వచ్చిన జపాన్ దొర దాన్ని చట్రం కట్టమని ఇచ్చి, మళ్ళీ రాలేదు. ఇచ్చిన రోజు మాత్రం చాయ్ తాగుతూ చాలా చెప్పాడు. నూటయాభై ఏళ్ళనాటి బొమ్మట. రంగుకొక చెక్క చెక్కి అచ్చేశారట. కబుకి అనే నాటకాల్లో ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారట. కొందరు ఇంట్లో కూడా ఆడబట్టల్లోనే బతికేవారట. పేరున్న ఆటగాడు చనిపోతే, మొహాన రంగు లేకుండా, లేతనీలం బట్టల్లో, చేతిలో జపమాలతో ఆఖరి బొమ్మ అచ్చేసేవారట. జనం ఎగబడి కొనుక్కుని ఏడ్చేవారట.

ఆ పటానికి అసలైన చుట్టం పెద్దేముల్ ఈరయ్య. గొర్లు కాసేవాడే గానీ, భాగోతంలో రాణి వేషం కట్టాడంటే ఆడవాళ్ళే కుళ్ళుకోవాలి. సంతరోజు వచ్చి పటం ముందు నిలబడి, మెడ ఎట్లా వంచాలో, కొంగు ఎట్లా పట్టాలో చూసి నేర్చుకునేవాడు.

ఒక పొద్దున జహీరాబీ షట్టర్ ఎత్తి చూస్తే, ఆటగాడు లేతనీలం బట్టల్లో కూర్చుని ఉన్నాడు. చేతిలో జపమాల. మొహాన రంగు లేదు. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగిన గాటు. అది ఈరయ్య మొహం. జపాన్ దొర చెప్పిన ఆఖరి బొమ్మ ఆమెకు గుర్తొచ్చింది.

షట్టర్ దించి, ఆటో ఎక్కి పెద్దేముల్ పోయింది. జాతరలో పగటి ఆట ఉందని ఈరయ్య అప్పటికే రంగు వేసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాడు.

"ఈరన్నా, ఆ రంగు కడగకు."

"ఏమైంది చెల్లె?"

చెప్పింది. దాస్తే దాగేదా? ఈరయ్య భార్య హన్మమ్మ గడపలోనే కూలబడింది.

"సావు ఈరయ్య కోసమొస్తది. రాణి కోసం రాదు," అంది జహీరాబీ. "ఈరయ్య దొరకొద్దు. జపాన్ల గట్ల బతికినోళ్లు ఉన్నరట. ఎవ్వలు పిలిచినా పలుకకు."

కాన్పుకి పుట్టింటికి వచ్చిన కూతురు నాగరాణి వెనకనుంచి అడిగింది. "మరి నేను నాయినా అని పిలిస్తే?"

జహీరాబీ తల దించుకుంది. "పెద్దమ్మా అను, బిడ్డా."

అట్లా ఈరయ్య చీరలోనే ఉండిపోయాడు. చీరలోనే గొర్లు తోలాడు. పాత రంగు మీద రోజూ కొత్త రంగు. ఆటోవాళ్ళు "జర జరుగమ్మా" అనేవారు. "సవతి వస్తదని భయపడ్డ గాని, అక్క వచ్చింది," అని హన్మమ్మ అందరినీ నవ్వించి, గోడవైపు తిరిగి కళ్ళొత్తుకునేది. నాగరాణికి మాత్రం పెద్దమ్మా అని నోరు రాలేదు. నాయినా అనే వీల్లేదు. పిలవడమే మానేసింది. తండ్రి కళ్ళముందు ఉండగానే తండ్రి లేని పిల్లయింది.

దుకాణంలో పటం కూడా వేషం మార్చడం మానేసింది. లేతనీలం బట్టల్లో అట్లాగే కూర్చుని ఉంది. ప్రాణం కాపాడానన్న సంతోషం జహీరాబీకి నిలవలేదు. ఆ పిల్ల నోట్లో మాట లాక్కున్నానని లోలోపల కుమిలిపోయేది.

నాగరాణికి నొప్పులొస్తే తాండూరు దవాఖానకు తెచ్చారు. జహీరాబీ చాయ్ పట్టుకుని వెళ్ళింది. ఎండ ముదిరినా కాన్పు కాలేదు. వరండాలో బల్ల మీద ఈరయ్య కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. లోపల పిల్ల అమ్మా అంది, దేవుడా అంది. చివరికి గొంతు చీలేలా ఒక్క కేక పెట్టింది.

"నాయినా!"

ఈరయ్య లేచాడు. జహీరాబీ చెయ్యి పట్టుకుంది. "వద్దన్నా."

"పిల్ల పిలుస్తున్నది చెల్లె. పలుకకుంటే నేనుండి ఏం ఫాయిదా?"

నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. రంగు పొరలు పొరలుగా పోయింది. తలుపు దగ్గర నిలబడి తన సొంత గొంతుతో పలికాడు.

"ఓ బిడ్డా! ఈడనే ఉన్న. ఫికర్ చెయ్యకు."

మనవడు పుట్టాడు. ఈరయ్య వాడి పాదం ముట్టుకుని చూసి, బల్ల మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు. మళ్ళీ లేవలేదు.

నెల తిరిగాక నాగరాణి చంటివాణ్ణి ఎత్తుకుని దుకాణానికి వచ్చింది. దండ వేయడానికి పటం కావాలి. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ రాణి వేషంలోవే. ఆధార్ కార్డు మీది మొహం దొంగదో దొరదో దేవుడికే తెలియాలి.

"మా నాయిన మొహమున్నది ఒక్కటన్నా లేదత్తా," అని ఏడ్చింది.

జహీరాబీ స్టూలెక్కి, మేకుకున్న పటం తీసింది. అద్దం తుడిచి ఆమె ఒడిలో పెట్టింది. రంగు లేని మొహం, తెగిన కనుబొమ్మ. పెదవులు అప్పుడే ఎవరికో పలికినట్టు కొంచెం తెరుచుకుని ఉన్నాయి.

నాగరాణి చాలాసేపు చూసింది. తర్వాత చంటివాణ్ణి పటానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది.

"గీయననేరా, మా నాయిన," అంది.